నేను చెప్పని ఓటీపీ

మా ఊరి అంగన్‌వాడీ టీచరు మా కోడలికి రావలసిన గుడ్లు, పాలు తినేసిందని, అందుకే ఆ పిల్ల చావు దాకా వెళ్ళి వచ్చిందని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట మొదట అన్నవాణ్ణి నేనే. అన్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు. నా నోటి మాటగా బయలుదేరి, తరువాత నా సంతకంతో కాగితం మీదికి ఎక్కి, ఆమె ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో సంగతి తేలింది గాని ఊళ్ళో తేలలేదు. నోటితో చెబితే నమ్మడం లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మండవల్లి దాటి కొల్లేరు వైపు దిగితే రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులే. అందులో ఒకదానికి ఇరవై ఏళ్ళుగా నేను కాపలాదారుణ్ణి, మేస్త్రీని కూడా. మేత సంచులు కట్టించడం, నీళ్ళు చూసుకోవడం, చేపలు పట్టే రోజున, అంటే పట్టుబడి రోజున, లెక్క తప్పకుండా ట్రేలు ఎక్కించడం నా పని. గట్టు చివర రెండు గదుల ఇల్లు. నేను, నా భార్య, కొడుకు, కోడలు. కొడుకు చేపల లారీ డ్రైవరు. కలకత్తా లోడు ఎత్తుకున్నాడంటే మళ్ళీ పది పన్నెండు రోజులకు గాని మనిషి కనపడడు.

కోడలిది నల్లజర్ల పక్క పల్లె, మెట్ట ప్రాంతం. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి జంగారెడ్డిగూడెంలో పామాయిలు తోటల్లో పని చేసుకుంటాడు. మామూలుగా మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. తల్లి లేని ఇంట్లో ఎవరు చేస్తారని నా భార్యే మన ఇంట్లోనే పురుడు పోద్దామంది. పంపేటప్పుడు వియ్యంకుడు బస్టాండులో నా రెండు చేతులూ పట్టుకుని, "బావగారూ, ఇక మీదేనండీ భారం" అన్నాడు. ఆ మాట ఆ రోజు నాకు గౌరవంగా అనిపించింది. తరువాత అదే గుండెల మీద బరువైంది.

మూడో నెల నుంచి ఆ పిల్లకు చేప వాసన పడలేదు. మా దగ్గర చేప వాసన లేని చోటు ఎక్కడుంది? గట్టు మీద వాసన, మేత సంచిలో వాసన, మొగుడు ఇంటికొస్తే వాడి చొక్కాలో వాసన. తాగే నీళ్ళు కూడా వాసనొస్తున్నాయని గ్లాసు పక్కన పెట్టేసేది. నా భార్య ఎగతాళి చేసేది. "కొల్లేటికొచ్చి చేప వద్దన్న దాన్ని నిన్నే చూశానే తల్లీ" అని. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే నవ్వేది.

కడుపులో నిలిచేవి మూడే మూడు. ఉప్పద్దుకుని తినే ఉడకబెట్టిన గుడ్డు, బెల్లం వేసిన రాగిజావ, పాలు. ఆ మూడూ అంగన్‌వాడీ నుంచి వచ్చేవే. ప్రతి నెలా సంచి పట్టుకుని వెళ్ళి, పప్పు, నూనె, ఖర్జూరంతో సహా తెచ్చుకునేది. అక్కడే బరువు చూసేవారు, అక్కడికే నర్సు వచ్చి రక్తం చూసి ఐరన్ మాత్రలు ఇచ్చేది. మొదట చూసినప్పుడే రక్తం తక్కువగా ఉందని, గుడ్డు మానొద్దని నర్సు గట్టిగా చెప్పింది. ఆ సంగతి నా భార్య నాకు చెప్పింది. నాకు తెలియదని ఎవరూ అనుకోకూడదని ఇది రాస్తున్నాను.

ఐదో నెలలో పద్ధతి మారింది. సరుకు ఇచ్చే ముందు టీచరు తన ఫోనులో గర్భిణీ ముఖం ఫోటో తీయాలి. ఆ తరువాత ఆధార్‌కు ఇచ్చిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది చెబితేనే పేరు ముందు టిక్కు పడుతుంది, సరుకు బయటికి వస్తుంది. పెళ్ళయ్యాక కోడలి ఆధార్‌లో చిరునామా మార్పించినప్పుడు నా నంబరే ఇచ్చాం. కొడుకు ఎప్పుడూ రోడ్ల మీద ఉంటాడు, ఆ పిల్ల ఫోను పగిలిపోయి మూలపడింది. అలా ఆమె తిండికి తాళంచెవి నా చొక్కా జేబులో పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పక్క చెరువు లీజుదారు ఫోనులో ఎవరికో ఓటీపీ చెప్పి, పట్టుబడి మీద వచ్చినదంతా పోగొట్టుకున్నాడు. బలమైన మనిషి, నలుగురిని అదిలించే గొంతు. అటువంటివాడు రెండు రోజులు గట్టు మీద గొడుగు కూడా లేకుండా ఎండలో కూర్చున్నాడు. పలకరిస్తే, "నేనే చెప్పానండీ, నా నోటితో నేనే చెప్పాను" అని అదే మాట.

తరువాత వారం తిరగకుండా నాకు ఫోను వచ్చింది. పొద్దున పడవ మీద మేత సంచులు కడుతున్నాను. అవతల మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. నా కోడలి పేరు చెప్పాడు, కొడుకు పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు.

"మీ కోడలుగారికి ఇప్పుడు ఐదో నెల కదండీ. గర్భిణీలకు గవర్నమెంటు వేసే డబ్బు మీ అకౌంటులో వేస్తున్నామండీ. మీకొక నంబరు వచ్చుంటుంది, అది చదవండి చాలు."

నంబరు వచ్చింది. నేను కళ్ళజోడు పైకి జరుపుకుని చదవబోయాను కూడా. మొదటి రెండంకెలు అన్నానో లేదో సిగ్నల్ తెగిపోయింది. మా చెరువు మధ్యలో ఎప్పుడూ అంతే. మళ్ళీ ఏడుసార్లు మోగింది. నేను ఎత్తలేదు. పడవలో కూలబడి ఫోనును చూస్తూ కూర్చున్నాను. కైకలూరులో మేత కొట్టు గుమాస్తాను అడిగితే, మిగతా అంకెలు కూడా చెప్పి ఉంటే కాన్పుకని దాచుకున్నది తుడిచిపెట్టుకుపోయేదని చెప్పాడు.

డబ్బు పోతుందన్న భయం కన్నా ఇంకొకటి నన్ను ఎక్కువ పట్టుకుంది. ఐదో నెల అని వాడికి ఎలా తెలిసింది? మా ఇంట్లో ఐదో నెల నిండే దాకా కడుపు సంగతి బయట చెప్పుకోరు. దిష్టి తగులుతుందని చుట్టాలకు కూడా చెప్పలేదు. ఆ పిల్ల నెలలు రాసి ఉన్నది ఒక్క టీచరు ఫోనులోనే. ఎవరో ముఖం తెలియని మనిషి, ఎక్కడో కూర్చుని, మా ఇంటి పిల్ల కడుపును లెక్కపెడుతున్నాడు. ఈ ఆలోచన వచ్చిన దగ్గర నుంచి ఫోను మోగితే చాలు, తీసి బోర్లా పెట్టేసేవాణ్ణి. టీచరు చేసిందని అనుకోలేదు. ఆమె ఫోనులోకి ఏది వెళ్ళినా అది వాడి దగ్గరికి పోతుందని మాత్రం గట్టిగా నమ్మాను. ఈ భయం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రెండంకెలు చెప్పేశానని ఒప్పుకోవడానికి సిగ్గు వేసింది.

ఆ నెల సరుకు రోజున కోడలు ఉత్త సంచితో తిరిగొచ్చింది. ఓటీపీ రాలేదట, టీచరు రేపు మళ్ళీ చూస్తానన్నదట. ఓటీపీ వచ్చింది. నేను గట్టు మీద దాన్ని చూస్తూనే ఉన్నాను. టీచరు రెండుసార్లు ఫోను చేసింది, నేను ఎత్తలేదు.

మర్నాడు టీచరే స్కూటీ మీద మా గట్టుకు వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, మాట మెత్తన. నన్ను బాబాయ్ గారూ అనేది. ఇక్కడ సిగ్నల్ అందడం లేదు, కాలవ వంతెన మీదికి వెళదామంది. కోడలిని వెనక ఎక్కించుకుంది. నేను సైకిలు మీద వెనకాలే వెళ్ళాను.

వంతెన మీద ఎండ మాడిపోతోంది. కోడలిని రెయిలింగు పక్కన నిలబెట్టి టీచరు ఫోను ఎత్తి పట్టింది. ఆ ఫోనుకు మనిషి బతికున్న మనిషని తెలియాలంటే కళ్ళు ఆర్పాలట. "కళ్ళు ఆర్పమ్మా, ఆఁ, మళ్ళీ ఆర్పు" అంటూ నాలుగైదుసార్లు తీసింది. ఎండకు ఆ పిల్ల కళ్ళు తెరవలేకపోతోంది. కొంగు నుదుటికి అడ్డం పెడితే ముఖం సరిపోలేదంటోంది ఫోను. చివరికి సరిపోయింది. టీచరు మొహం వెలిగింది.

"వచ్చేస్తుంది బాబాయ్ గారూ, చూడండి."

అప్పుడే నా జేబులో ఫోను అదిరింది. నా గుండె మీద అదిరింది. మూడు బారల దూరంలో ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. పక్కన లారీ ఏదో పోతూ ఉండటం వల్ల ఆ చప్పుడు వాళ్ళకు వినపడలేదు. నేను ఫోను తీశాను, కళ్ళజోడు పెట్టుకున్నాను, ఆ అంకెలను చూశాను. మొన్నటి మెసేజీకి, దీనికి నాకు తేడా కనపడలేదు. అవే ఇంగ్లీషు అక్షరాలు, అలాంటివే అంకెలు.

"రాలేదండీ" అన్నాను.

ఇంకోసారి చేసింది. మళ్ళీ అదిరింది. మళ్ళీ రాలేదన్నాను. కోడలు రెయిలింగుకు ఆనుకుని కూర్చుండిపోయింది. టీచరు తన నీళ్ళ సీసా ఇచ్చి, టవరు సంగతి పైన చెబుతానని, కంగారు పడొద్దని చెప్పి ఇంటి దగ్గర దింపి వెళ్ళింది. వంతెన మీద ఆమె నా ఎదురుగానే నిలబడి ఉంది. ఎదురుగా ఉన్న మనిషి ఫోను నుంచి ఆ క్షణాన వచ్చిన నంబరు అది. ఇంత తేలిక సంగతి నా బుర్రకు ఎక్కలేదు. భయపడ్డవాడికి చెవులూ కళ్ళూ పని చేయవని అనుకోను, పని చేస్తాయి. భయం చూపించినదే చూస్తాయి.

తరువాతి నెలలోనూ అంతే. మొత్తం నాలుగుసార్లు టీచరు మా గట్టు మీదికి వచ్చింది. మూడోసారి వచ్చేసరికి నేను ఫోను ఆపేసి, చెరువు అవతలి వైపు పడవలో ఉండిపోయాను. ఆమె గట్టు మీద నిలబడి చెయ్యి ఊపడం నాకు కనపడుతూనే ఉంది. వరసగా టిక్కు పడకపోయేసరికి ఏడో నెలలో కోడలి పేరు జాబితాలోంచి పోయింది.

కొట్లో గుడ్లు దొరకవా అని ఎవరైనా అడుగుతారు. దొరుకుతాయి. కొన్నాళ్ళు తెచ్చాను. తరువాత పట్టుబడి పనిలో పడి మరచిపోయాను. అంగన్‌వాడీ సెంటరు నుంచి వస్తే అది తన పేరు మీద వచ్చిన తిండి, దర్జాగా ఉడకబెట్టుకుని తినేది. ఇంట్లో మామగారి చేత గుడ్లు తెప్పించుకోవడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. తల్లి లేకుండా పెరిగింది, అడగడం అలవాటు లేదు. ఇంకో సంగతి మేమెవరమూ అనుకోలేదు. సరుకు ఆగాక ఆమె బరువు చూపించుకోవడానికి కూడా సెంటరుకు వెళ్ళడం మానేసింది. "పేరు లేని చోటికి ఏం వెళ్తానత్తయ్యా" అందట. బరువు ఆగింది, మాత్రలు ఆగాయి, రక్తం చూసేవాళ్ళు లేకపోయారు. ఆఖరు మాత్రల అట్ట ఎప్పుడు అయిపోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మీరు గట్టిగా అడగరేమని నా భార్య రోజూ నన్ను పోరేది. ఒకరోజు చిరాకులో, ఆ టీచరు మన సరుకు వేరే వాళ్ళకు అమ్ముకుంటుందేమో అన్నాను. అనగానే ఇంట్లో పోరు ఆగిపోయింది. అబద్ధం ఇంత పనికొస్తుందని నాకు అప్పటి దాకా తెలియదు. టీ కొట్టు దగ్గర ఎవరో అడిగితే అక్కడా అదే అన్నాను. ఈసారి 'ఏమో' అన్న మాట పెట్టలేదు.

టీచరు ఆ మధ్య రెండుసార్లు కొట్లో కొన్న గుడ్లు, సొంత డబ్బుతో, మా ఇంటికి తెచ్చి ఇచ్చింది. అది చూసి చుట్టుపక్కల వాళ్ళు, "తిన్నది కక్కుతోంది చూశారా" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నా భార్య ఆ గుడ్లు తీసుకోకుండా తిప్పి పంపింది.

ఎనిమిదో నెల వచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. కోడలి కాళ్ళు పొంగాయి. పెదవులు తెల్లగా పాలిపోయాయి. గుమ్మం నుంచి పొయ్యి దాకా నడిస్తే చాలు, గోడ పట్టుకుని ఆయాసపడేది. ఒకరోజు మధ్యాహ్నం బట్టలు తీస్తూ దండెం కింద పడిపోయింది. చేతులు చల్లగా ఉన్నాయి. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది, మాట లేదు.

అంబులెన్సు వచ్చే రోడ్డు మీదికి కొల్లేటి నీళ్ళు ఎక్కాయి. చేపల వ్యాను ఒకటి ఉంటే ఖాళీ ట్రేలు దించేసి, టార్పాలిన్ పరిచి ఆమెను పడుకోబెట్టాం. ఐదు నెలలుగా ఏ వాసన పడక ముక్కు మూసుకుందో ఆ వాసనలోనే ఏలూరు వెళ్ళాలి. ఆమె ముక్కు కూడా మూసుకోలేదు. చక్రాలకు సగం దాకా నీళ్ళు. ఇంజను ఆగితే అక్కడే ఉండిపోవాలని డ్రైవరు అంటూనే ఉన్నాడు. నా భార్య కోడలి తల ఒళ్ళో పెట్టుకుని ఏవేవో దేవుళ్ళకు మొక్కుతోంది. నా జేబులో ఫోను ఉంది. దాంట్లో నాలుగు మెసేజీలు ఉన్నాయి. దారి పొడుగునా నాకు ఆ సంగతి ఒక్కటే తెలుస్తోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోడలి కంటి రెప్ప కిందికి లాగి చూసి నా వైపు తిరిగింది. రక్తం అయిదు కూడా లేదంది. బిడ్డ ఎదుగుదల ఆగిపోయిందంది, ఇద్దరిలో ఎవరికీ హామీ ఇవ్వలేనంది. ఇన్ని నెలలు ఏం పెట్టారు, అంగన్‌వాడీలో పేరు లేదా అని అడిగింది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నా భార్య పక్కనే ఉంది.

"టీచరు ఇవ్వలేదండీ" అన్నాను.

రక్తం ఎక్కించడానికి తాడేపల్లిగూడెం నుంచి నా బావమరిది వచ్చి ఇచ్చాడు. కొడుకు లోడు దారిలోనే వేరే డ్రైవరుకు అప్పగించి వచ్చేశాడు. రెండో రోజు ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. నా రెండు అరచేతుల్లో ఇంకా చోటు మిగిలేంత బిడ్డ. అద్దాల పెట్టెలో పెట్టారు. బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. పద్దెనిమిది రోజులు ఆ వరండాలో బెంచీ మీద ఉన్నాను. నర్సు ఎవరి పేరు పిలిచినా లేచి నిలబడేవాణ్ణి.

ఆ రోజుల్లోనే అంగన్‌వాడీలను చూసే ఏలూరు ఆఫీసు నుంచి మేడమ్ ఒకరు కాగితాలతో వచ్చారు. ఇంత రక్తహీనత ఉన్న గర్భిణీకి సరుకు ఎందుకు అందలేదని పైనుంచి అడిగారట. ఎన్ని నెలలు ఇవ్వలేదని అడిగి, నేను చెప్పింది రాసుకుని, సంతకం పెట్టమన్నారు. పెట్టాను. తల్లీ బిడ్డా ఎటు తేలతారో తెలియని వేళ, తప్పు నాదని తేలితే నా కొడుకు నన్ను ఏం చేస్తాడో అన్న భయం నా చేత పెట్టించింది. భయపడ్డానని చెబితే తప్పు తగ్గదు. ఎలా పెట్టానో చెబుతున్నాను, అంతే.

రెండు రోజుల తరువాత టీచరు ఆసుపత్రికి వచ్చింది. అప్పటికే ఆమెను విధుల నుంచి పక్కన పెట్టారు. నా కొడుకు వార్డు గుమ్మంలోనే అడ్డం నిలబడి, తినాల్సింది తిని ఇప్పుడు చూడ్డానికి వచ్చావా అన్నాడు. ఇంకా అనకూడనివి కూడా అన్నాడు. ఆమె వాడి భుజం మీదుగా నన్ను చూసింది.

"బాబాయ్ గారూ, వంతెన మీద ఎంతసేపు నిలబడ్డామో మీరు చూశారు కదండీ. టవరు లేకే కదండీ. మీరొక్క మాట చెప్పండి."

ఆమెకు కూడా తెలియదు. ఓటీపీ రాలేదన్న నా మాటనే ఆమె ఇంకా నమ్ముతోంది. నన్నే సాక్ష్యం అడుగుతోంది. నేను తల దించుకుని బెంచీ కింద ఉన్న చెప్పులు వెతుక్కున్నట్టు వంగాను. ఆమె వెళ్ళిపోయింది. నా జీవితంలో చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. ఓటీపీ చెప్పకపోవడానికి తెలియనితనం ఉంది. దీనికి ఏమీ లేదు.

తల్లీ బిడ్డా బతికారు. ఇంటికి తెచ్చుకున్నాక అంగన్‌వాడీలో బిడ్డ పేరు ఎక్కించడానికి మళ్ళీ ఓటీపీ అవసరమైంది. ఇన్‌చార్జిగా వస్తున్న పక్క ఊరి టీచరు మా ఇంటికే వచ్చింది. నేను స్నానం చేస్తున్నాను. కోడలు నా ఫోను తీసుకుని తానే చూసి చెప్పింది. ఆ పని నిమిషంలో అయిపోయింది.

నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి టీచరు వెళ్ళిపోయింది. కోడలు మంచం మీద కూర్చుని, ఒళ్ళో బిడ్డ, చేతిలో నా ఫోను. మెసేజీలన్నీ ఒకదాని కింద ఒకటి, తేదీలతో, టైముతో ఉన్నాయి. వాటిని చెరిపేయడం నాకు రాక కాదు. ముట్టుకుంటే ఏమవుతుందోనని ముట్టుకోలేదు.

"మావయ్యగారూ, ఇవన్నీ వచ్చాయి కదండీ" అంది. తరువాత వేలితో ఒకటి చూపించి, "ఇది నేను వంతెన మీద కళ్ళు ఆర్పుతూ నిలబడ్డప్పుడు వచ్చిందేనండీ" అంది.

నేను నేల మీద కూర్చున్నాను. పడవలో వచ్చిన ఫోను దగ్గర నుంచి మొత్తం చెప్పాను. భయమేసిందమ్మా అన్నాను. ఆ పిల్ల బిడ్డ మీది గుడ్డ సర్దింది.

"నాకూ భయమేసేదండీ. పడుకుంటే మళ్ళీ లేవనేమోనని. మీకు చెప్పలేదు."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. టీచరుగారికి ఈ సంగతి మీరే చెప్పండి, మా ఆయనకు కూడా మీరే చెప్పండి అంది. తన ఆధార్‌లో తన నంబరు వేయించుకుంటానంది. ఆ సాయంత్రమే కొడుక్కు చెప్పాను. మర్నాడే వాడు లోడు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఈ మధ్య ఇంటికి వచ్చినా నాతో పని ఉంటే తల్లి చేత చెప్పిస్తాడు.

ఏలూరు ఆఫీసుకు వెళ్ళి ఫోను చూపించాను. అక్కడి గుమాస్తా నా పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి, ఈ రెండు సంతకాల్లో దేన్ని నమ్మమంటారని అడిగాడు. మెసేజీలను నమ్మండి అన్నాను. చాలాసార్లు తిరిగాక మా పాత టీచరును మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆమె మా ఊరు వద్దని వేరే ఊరు అడిగి వెళ్ళింది. ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి అంతా విన్నది.

"నాకు చెప్పి ఏం లాభమండీ. నేను తినలేదని నాకు తెలుసు. ఊళ్ళో చెప్పండి" అని తలుపు వేసుకుంది.

ఊళ్ళో చెప్పాను. టీ కొట్టులో చెబితే నవ్వారు. సరుకు ఇచ్చే రోజున సెంటరు దగ్గరికి వెళ్ళి, సంచులతో వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందు చెప్పాను. నా ఈడు ఒకావిడ, "టీచరు ఎంతిచ్చిందేంటి అన్నయ్యా, ఇప్పుడు ప్లేటు తిప్పుతున్నావు?" అంది. వరసంతా కిసుక్కుమంది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి నవ్వలేదు, కాని నమ్మినట్టూ లేరు.

వరస చివర ఒక పిల్ల ఉంది. పక్క చెరువు మీదికి కొత్తగా పనికొచ్చిన కుటుంబం. ఆరో నెల ఉండవచ్చు. నా మాటల్లో లీజుదారుకు జరిగింది, నాకు వచ్చిన ఫోను సంగతి ఆమె శ్రద్ధగా విన్నది. తన వంతు వచ్చింది. ముఖం సరిపోయింది. చేతిలో ఫోను మోగింది. ఆమె దాన్ని చూసింది, టీచరును చూసింది, నన్ను చూసింది.

"చెప్పొచ్చాండీ?" అని నన్నే అడిగింది.

చెప్పమ్మా, ఎదురుగా టీచరుగారు ఉన్నారు కదా, ధైర్యంగా చెప్పు అన్నాను. ఆమె ఫోను కొంగులో పెట్టేసుకుని, మా ఆయన్ను అడిగి వస్తానండీ అని సంచి మడుచుకుని బయటికి నడిచింది. టీచరు పిలిచినా ఆగలేదు.

సెంటరు మూసే లోపల గంటన్నర టైముంది. వాళ్ళాయన ఏ గట్టు మీద ఉంటాడో టీచరును అడిగి తెలుసుకుని, సైకిలు తీసుకుని ఆ పిల్ల వెనకాలే బయలుదేరాను.